రిజిస్టర్డ్ ఓటరు

భీమశంకరం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఫోన్‌లో దేశం సంగతి చెబుతున్నాడు. ఫోన్ డైనింగ్ టేబుల్ మీద స్పీకర్‌లో ఉంది. అవతల ఎవరో అమెరికన్ అమ్మాయి, ఎన్నికల సర్వే కోసం చేసింది.

అది 2012 అక్టోబరు. వర్జీనియా రాష్ట్రం షాంటిలీలో ల్యాండ్‌లైన్ ఉన్న ఇంటికి ఆ నెలంతా సర్వే ఫోన్ల నుంచి తెరిపి లేదు. ఈసారి అధ్యక్ష ఎన్నికల్లో ఎటు మొగ్గుతుందోనని అందరి కళ్ళూ ఈ రాష్ట్రం మీదే. సర్వే అనగానే మిగతావాళ్ళు ఫోన్ పెట్టేస్తారు. భీమశంకరం మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంటాడు.

"దేశం సరైన దారిలో పోతోందా, తప్పుదారిలోనా?" అని అడిగింది అమ్మాయి.

"తప్పుదారే తల్లీ," అన్నాడు ఆయన తనకొచ్చిన ఇంగ్లీషులో. "మా వీధిలో మూడిళ్ళు బ్యాంకువాళ్ళు పట్టుకుపోయారు. నా పన్ను పీకడానికి తొమ్మిది వందల డాలర్లు అడిగారు. ఎవరు గెలిచినా ఈ పన్ను నాతోనే ఉంటుంది. రాసుకో."

పొయ్యి దగ్గర కోడలు పద్మకు నవ్వొచ్చింది. సోఫాలో లాప్‌టాప్ ముందేసుకున్న కొడుకు శేషగిరి మాత్రం విసుక్కున్నాడు.

"పెట్టెయ్ నాన్నా. ఇద్దరూ ఇద్దరే. ఎవడొస్తే మనకేం?"

నాలుగేళ్ళ కిందటి ఎన్నికల్లో ఈ శేషగిరే ఇంటి ముందు గడ్డిలో ప్రచార బోర్డు పాతాడు. కనపడినవాళ్ళనల్లా ఓటు వేశావా అని నిలదీశాడు. ఆ తర్వాత వాళ్ళ టీంలో సగం మంది ఉద్యోగాలు పోయాయి. ఇప్పుడు వార్తలొస్తే ఛానెల్ మార్చేస్తాడు.

"మీరు రిజిస్టర్డ్ ఓటరేనా?" అమ్మాయి అడుగుతోంది.

"అవును."

"2008లో ఓటు వేశారా?"

"వేశాను. రెండు గంటలు లైన్లో నిలబడి మరీ వేశాను."

శేషగిరి ఒక్క ఉదుటున వచ్చి ఫోన్ కట్ చేశాడు.

"ఏంటి నాన్నా నువ్వు చెప్పేది? ఊరికే గొప్పకి అన్నావు కదూ?"

"గొప్పేముందిరా? మలుపులో బడి ఉందిగా, నడిచి వెళ్ళి వేశాను. ఆ రోజే చెప్పాను. నువ్వు టీవీ చూస్తున్నావు."

"నీది గ్రీన్ కార్డు! సిటిజన్లు తప్ప ఓటు వేయకూడదు! మూడు వారాల్లో నీ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. ఎప్పుడైనా ఓటు వేశావా అనేగా అడుగుతారు!"

భీమశంకరం చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "ఓటరు కార్డు ఇంటికొచ్చింది. ఇచ్చినవాళ్ళకి తెలీదా అనుకున్నాను."

శేషగిరి వెంటనే లాయర్ రాధాకృష్ణకు ఫోన్ చేశాడు. స్పీకర్‌లో ఆయన గొంతు నింపాదిగా వినిపించింది.

"ఓటు ఒక తప్పు. అంతకంటే పెద్దది రిజిస్ట్రేషన్ ఫారం. నేను సిటిజన్ని అని అందులో టిక్ పెడతారు. దాని మీద ఇండియా పంపేయొచ్చు."

"డెబ్బై నాలుగేళ్ళ మనిషినా సార్? అక్కడ ఆయనకి ఎవరూ లేరు."

"వయసు చూడరయ్యా. ఇంతకీ ఫారం ఎవరు నింపారు? పెద్దాయనే తెలియక నింపారంటే బతిమాలుకోడానికి కొంచెం చోటుంది. నీలాంటి సిటిజన్ ఎవరైనా నింపి సంతకం చేయించారా, వాళ్ళూ ఇరుక్కుంటారు. నీది గవర్నమెంట్ సెక్యూరిటీ క్లియరెన్స్ ఉద్యోగం, చిన్న మచ్చ పడ్డా పోతుంది, అందుకని అడుగుతున్నా."

"నేనెందుకు నింపుతాను సార్?"

"నేనే నింపానండీ," అన్నాడు భీమశంకరం, ఫోన్ వైపు వంగి. "లైబ్రరీలో ఓటర్లని చేర్పించేవాళ్ళు బల్ల వేసుకు కూర్చున్నారు. కాయితం ఇచ్చారు. నింపేశాను."

"సరే. కౌంటీ ఆఫీసు నుంచి ఆ ఫారం కాపీ తెప్పిస్తాను."

"కాపీ ఎందుకండీ, నేను ఒప్పుకుంటున్నాగా?"

"మీరు ఒప్పుకుంటే సరిపోదు సార్. కాయితం ఏమంటోందో ముందు చూడాలి."

ఆ తర్వాత నాలుగు రోజులు సర్వేల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. భీమశంకరం ఒక్కటీ ఎత్తలేదు. కొడుకు మాత్రం ఆపలేదు. కాఫీ తాగుతూ అన్నాడు, షూ లేసులు కట్టుకుంటూ అన్నాడు.

"ఓటు అనగానే ఆగలేవా? ఇదేమన్నా మీ పంచాయతీ ఎలక్షనా? తెలీకపోతే నన్ను అడగొచ్చుగా!"

"తప్పయిందిరా."

"తప్పయిందంటే ఆఫీసరు వింటాడా?"

పద్మ ఉండబట్టలేక అంది, "ఆయనకి అన్నం సయించడం లేదు. ఇక వదిలెయ్యండి."

"ఈ ఇంట్లో ఎవరికీ బాధ్యత లేదు. అన్నీ నేనే చూసుకోవాలి," అన్నాడు శేషగిరి.

బుధవారం సాయంత్రం ఆఫీస్ నుంచి వస్తూనే లాప్‌టాప్ తెరిచాడు. లాయర్ పంపిన మెయిల్ వచ్చి ఉంది. "ఫారం కాపీ వచ్చింది, తియ్యి పద్మా," అని తెరిచి చూడకుండానే ప్రింట్ కొట్టి, తండ్రి వైపు తిరిగాడు.

"కష్టపడి నిన్ను ఈ దేశం తెచ్చుకున్నందుకు నన్ను నవ్వులపాలు చేశావు నాన్నా. నీ సరదాకి నీ గొయ్యి నువ్వే తవ్వుకున్నావు. ఇక నేను చేసేదేం లేదు."

ప్రింటర్ గుర్రుమంది. కాయితం కొస మెల్లగా బయటికొస్తోంది. భీమశంకరం దాని వైపు ఒకసారి చూశాడు. కొడుకు వైపు చూడలేదు. కొక్కేనికి ఉన్న స్వెట్టర్ తీసి, తిరగేసి ఉందో లేదో కూడా చూసుకోకుండా తొడుక్కున్నాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టి, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

"వెళ్ళనీ. చల్లగాలికి బుద్ధొస్తుంది," అన్నాడు శేషగిరి.

పద్మ కాయితం అందుకుంది. అడుగున తెలుగులో మామగారి సంతకం ఉంది.

పైన ఇంగ్లీషులో నింపిందంతా శేషగిరి చేతిరాత.