మరుగుజ్జుల పుస్తకం

ఆ ఆదివారం కూడా మూడు కొట్టేసరికి ముగ్గురూ వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. కండక్టరు, టైలరు, నెల కిందటే ఆటలో చేరిన టైలరు బావమరిది. నాలుగో కుర్చీ తాళాల మేస్త్రిది. ఆయన పోయి ఐదు నెలలు. ఇప్పుడు అందులో ఆయన భార్య కూర్చుంటోంది.

పదకొండేళ్ళుగా ఆ బల్ల మీద నడిచేది ఒకటే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై తిరుగుతారు. గెలుపోటములు పాచికలు తేలుస్తాయి. మేస్త్రి కథంతా కొండల కింద. అక్కడ ఉండేది మరుగుజ్జులు.

మరుగుజ్జులంటే అందరూ ఒకే మూస, ఇంత గడ్డం, ఇంత గొడ్డలి అనుకుంటారు కదా. మేస్త్రి దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. కొండకో జాతి, జాతికో తీరు. ఉప్పు గనుల వాళ్ళు, ఇంటికొచ్చిన కొత్తమనిషి ఒక నిద్ర తీసి లేచేదాకా అతనితో మాట్లాడరు. వంతెన కింది వాళ్ళు మాటిచ్చినప్పుడు గడ్డానికి ముడి వేసుకుంటారు, మాట నిలబెట్టుకున్నాకే విప్పుతారు. రాగి కొండ వాళ్ళ తలుపులకి అసలు తాళాలే ఉండవు.

"నా పొట్ట కొట్టడానికే పుట్టారు వీళ్ళు," అని మేస్త్రి తనే నవ్వేవాడు.

ఆట నియమాల పుస్తకం విప్పాల్సి వస్తే మాత్రం మేస్త్రి దాన్ని కండక్టరు ముందుకి తోసేవాడు. "నువ్వు చదువు తమ్ముడూ, నా అద్దాలు ఎక్కడ పెట్టానో." ఏ కొండ కింద ఏ ముసలాడు ఏ ముడి వేశాడో ఏళ్ళ తరబడి మరవని మనిషి, అద్దాలు మాత్రం రోజూ మరిచేవాడు.

ఆయన పోయాక ఆమె మాట పోయింది. ఏడవలేదు. అడిగితే తల ఊపేది. గిన్నెలు తోమేది, తోమినవే మళ్ళీ తోమేది. పలకరించడానికి వచ్చినవాళ్ళు గోడతో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్ళిపోయారు. నెల తిరిగాక ఒక ఆదివారం కండక్టరు, టైలరు వచ్చి, ఏం చెయ్యాలో తోచక ఖాళీ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆమె లోపలికెళ్ళి ఒక లావాటి నోటుపుస్తకం తెచ్చింది.

"మీ అన్నయ్య రాసిపెట్టుకున్నారు. ఇంకా ఎన్ని జాతులో ఉన్నాయి. చదవమంటారా?" అంది.

కండక్టరు ఆ పుస్తకం వంక చాలాసేపు చూశాడు.

"చదువు వదినా," అన్నాడు.

అప్పట్నించి వారానికి ఆ రెండు గంటలే ఆమె గొంతు వినబడేది. మిగతా రోజులు ఆ ఇల్లు మూతవేసిన పెట్టె. అందుకే కండక్టరు డ్యూటీ మార్పించుకుని మరీ వచ్చేవాడు. ఆ పుస్తకం మూతపడితే ఆమె నోరూ మూతపడుతుందని అతని భయం.

ఆ రోజు ఆమె ఎప్పట్లాగే అట్టముక్క అడ్డంగా నిలబెట్టి, దాని వెనక పుస్తకం విప్పింది. చూపుడు వేలికి సిరా మరక. గొంతులో ఎత్తూ పల్లం లేదు.

"బూడిద కొండ మరుగుజ్జులు. వీళ్ళలో ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళు ఏడవరు. వాళ్ళకి ఏడుపు రాదు. ఇరుగుపొరుగు వంతులేసుకుని వచ్చి, వాళ్ళ తరఫున ఏడ్చి వెళతారు. ఇంటివాళ్ళ పని తలుపు తియ్యడమే. పోయిన మనిషి పేరు ఆ తలుపు మీద చెక్కుకుంటారు. రోజుకో అక్షరం."

"పేరు అయిపోతేనో?" అన్నాడు టైలరు.

"మళ్ళీ మొదట్నించి."

"ఈ మధ్య మరుగుజ్జులకి చదువు అబ్బినట్టుంది వదినా. వెనకటి జాతులన్నీ ముడులూ గాట్లతోనే బతికేవి..."

బల్ల కింద కండక్టరు కాలు అతని కాలి మీద పడింది. టైలరు మిగతా మాట మింగేశాడు.

"ఇవాళ వంతు నాది," అన్నాడు కండక్టరు. "వెళ్ళి ఆ తలుపు కొడతాను."

"ఏడవడానికా?"

"వంతులన్నావుగా."

ఆమె పుస్తకంలోకి చూసింది. "తీశారు," అంది.

అప్పుడు బావమరిది చెయ్యి చాచాడు. "అక్కా, ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇస్తారా? పేర్లు తప్పుల్లేకుండా రాసుకుంటాను."

ఆమె పుస్తకం మూసి గుండెకి అదుముకుంది. "మా ఆయన రాత నీకు తెలీదు బాబూ. కోడి కెలికినట్టు ఉంటుంది."

"ఆయన రాత సంగతి నన్నడుగు," అన్నాడు కండక్టరు, చాచిన చేతిని మెల్లగా కిందికి దించుతూ. "బ్రహ్మదేవుడు దిగొచ్చినా చదవలేడు."

టైలరు నవ్వాడు. ఆమె నవ్వలేదు కానీ పుస్తకం మళ్ళీ విప్పింది. పాచికలు దొర్లాయి.

ఐదింటికి లేచారు. గుమ్మం దాకా వచ్చి ఆమె, "వచ్చేవారం గాజు కొండ వాళ్ళు," అంది. "పుస్తకంలో ఉంది."

"ఉంటుంది వదినా," అన్నాడు కండక్టరు.

మెట్లు దిగాక బావమరిది ఆగిపోయాడు. "నాకు ఒకటే బెంగగా ఉందన్నా. ఆ పేజీలు ఎన్నాళ్ళొస్తాయి? మేస్త్రి రాసింది అయిపోయిన రోజున ఆవిడ మళ్ళీ మూగబోతుంది కదా."

టైలరు కండక్టరు వంక చూశాడు. కండక్టరు వంగి చెప్పు పట్టీ బిగించుకున్నాడు.

"అది అయిపోయే పుస్తకం కాదయ్యా," అన్నాడు, "మేస్త్రికి తన పేరు రాసుకోవడం కూడా వచ్చేది కాదు."