నొప్పి లేదేంటి?

మెలకువ రాగానే నొప్పి కోసం వెతుక్కున్నాను. లేదు.

రొమ్ము తీసేశాక మూడు రోజులు నరకం చూశానని అక్క నాకు నెలరోజులుగా చెబుతూనే ఉంది. ఆమెకు ఏడేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయింది. మరి నాకేదీ?

తడిమి చూసుకుంటే కట్టు తగిలింది. కట్టు వేశారు గానీ ఏమీ తీయలేదన్నమాట!

కిటికీ దగ్గర అక్క కళ్లు తుడుచుకుంటోంది. తన ఆపరేషన్‌కే ఏడవని మనిషి.

"అక్కా, నిజం చెప్పు. లాభం లేదని కుట్టేసి పంపించారు కదూ?"

అక్క మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. అయితే నా పని అయిపోయినట్టే.

అప్పుడే మత్తు డాక్టరమ్మ వచ్చింది.

"అంతా తీసేశారమ్మా, బాగా జరిగింది. మీరు నిద్రపోయాక ఛాతీ నరాల దగ్గర మత్తుసూది వేశాను. రేపు పొద్దుటిదాకా పెద్దగా నొప్పి తెలీదు. నిన్న చెప్తే తల ఊపారుగా!"

ఊపాను. భయంలో ఒక్క ముక్క చెవికెక్కితేగా! పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మరి నువ్వెందుకు ఏడుస్తున్నావక్కా? హడలగొట్టేశావు."

అక్క నా వైపు చూడలేదు.

"సూది సంగతి నర్సు ఇందాకే చెప్పింది. ఏడేళ్ల కిందట కూడా ఇది ఉండేదా డాక్టరమ్మా?"

"ఉండేదండీ" అంది డాక్టరమ్మ.

"నన్ను ఓర్చుకోమన్నారు," అంది అక్క. "ఓర్చుకున్నాను."