పెంకుపురుగుల సాక్ష్యం

"తాళం పగల్లేదు. అంటే తాళంచెవి ఉన్నవాళ్లే తీశారు. ఉన్నవి రెండే. ఒకటి నాది, రెండోది నీది," అన్నాడు పురుగుల మాస్టారు.

సహాయకురాలు తలుపు అద్దంలోంచి లోపలి గదిలోకి చూసింది. నేలమీద గాజు బుడ్డి పగిలి పడి ఉంది. బీరువా తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన నోటుబుక్కు లేదు. పండ్లతోటల్ని తినేసే పెంకుపురుగుల్ని ఉచ్చులోకి రప్పించే ఆడపురుగు వాసన ఎలా తయారుచేయాలో ఆ పుస్తకంలోనే ఉంది. అది మాస్టారి ఎనిమిదేళ్ల కష్టం. ఆయన మూడు రోజులు జ్వరంతో మంచమెక్కేసరికి బూడిదలో పోసిన పన్నీరైంది.

"నిన్న ఐదింటికి తాళం వేసి వెళ్లాను మాస్టారూ. పొద్దున ఈ అద్దంలోంచి చూసి మీకు ఫోన్ చేశాను. లోపలికి అడుగైనా పెట్టలేదు. మీ తాళంచెవి..."

"నా దిండు కిందే ఉంది!"

"పోటీ కంపెనీలో మీ బావమరిది..."

"వాడి ఊసెత్తకు. నాకోసం సొంత తమ్ముడితో మాటలు మానేసింది మా ఆవిడ. ఏడాదైంది." ఆయన మెడలోని మఫ్లరు సర్దుకున్నాడు. కొత్తది. ఈ మూడు రోజులూ మంచం పక్కనే కూర్చుని, మాత్రకీ మాత్రకీ మధ్య ఆవిడే అల్లింది.

మాస్టారు వచ్చినప్పటినుంచీ వాళ్లు నిలబడ్డ బయటి గదిలో, అరమీది పెట్టెలో మగపురుగులు టకటకమని జాలీకి కొట్టుకుంటున్నాయి. కోపంలో ఆయన పట్టించుకోలేదు. ఆమె మాత్రం పెట్టెని చూసింది, ఆయన్ని చూసింది, ముఖం పాలిపోయింది.

"పన్నెండేళ్లు!" మాస్టారు అరవైపు నడిచాడు. "కన్నకూతురికి నేర్పినట్టు పని నేర్పాను. తిన్నింటి వాసాలు లెక్కపెడతావనుకోలేదు." ఆయన అరమీద నుంచి పెట్టె దించాడు.

"వద్దు మాస్టారూ! అది తెరవకండి. నేను ఉద్యోగం మానేస్తాను. కావాలంటే నేనే తీశానని రాసిస్తాను."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావే! ఎందుకంత భయం? బుడ్డి పగిలింది కాబట్టి అందులోని ఆడపురుగు వాసన దొంగ చేతులకి అంటుకునే ఉంటుంది. మన ముక్కుకి తెలీదు, ఈ మగపురుగులకి తెలుస్తుంది. సబ్బుతో రుద్దినా వారం దాకా వదలదు. ఆ చేత్తో ఏది ముట్టుకుంటే దానికీ అంటుకుంటుంది. నీకు ఇదంతా చెప్పిందే నేను."

"అందుకే వద్దంటున్నాను."

"చేతులు చాపు."

ఆమె చాపింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మాస్టారు కిటికీలు మూసి, పెట్టె మూత తీశాడు.

పురుగులు ఒక్కసారిగా గుయ్యిమంటూ లేచాయి. గదంతా ఓ చుట్టు తిరిగాయి. ఆమె వేళ్ల పక్కనుంచి, జుట్టు మీదుగా వెళ్లిపోయాయి. ఒక్కటి కూడా వాలలేదు.

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అంత మాట అనేశాడు, పన్నెండేళ్ల మనిషిని. "అమ్మా, నన్ను క్షమించు. నోటికొచ్చినట్టు వాగాను... అయినా నువ్వు చేయని తప్పు నెత్తిన వేసుకుంటానన్నావెందుకు? పెట్టె తెరవొద్దని అంతగా ఎందుకు బతిమాలావు?"

ఆమె ఆయన మెడవైపే చూస్తోంది.

అప్పుడు తెలిసింది ఆయనకి, గడ్డం కింద ఏదో పాకుతోందని. తల వంచి చూశాడు. ఒకటి, రెండు, పది. ఉన్నిపోగుల్లో కాళ్లు చిక్కుకుంటున్నా లెక్కచేయకుండా, ఒకదాన్నొకటి తోసుకుంటూ పురుగులన్నీ మఫ్లరు ముడి మీద మూగుతున్నాయి. పొద్దున గుమ్మంలో, "చల్లగాలి తగలనివ్వకండి," అంటూ భార్య తన చేతులతో వేసిన ముడి మీద.