ఊగకూడదు

“బల్లకి బిగించే క్లాంపులు వద్దు బాబాయ్. మూడుసార్లు ఊడొచ్చాయి,” అన్నాడు వాజిద్, ప్రింటు తీసి తెచ్చిన స్టాండ్ల బొమ్మలు బల్ల మీద పరుస్తూ.

పున్నయ్య కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. తెనాలిలో వేమూరు రోడ్డు మీద అతనికి పాతికేళ్ళుగా వెల్డింగు షాపు ఉంది. ట్రాక్టరు తొట్లు, గేట్లు, కిటికీ ఊచలు ఎన్ని చేశాడో లెక్కలేదు. కంప్యూటర్ ఆటకి తగిలించే స్టీరింగునీ, దాని పెడల్స్‌నీ ఇంట్లో దేనికి బిగించాలన్న ప్రశ్న మాత్రం ఇంతవరకూ ఎవరూ తేలేదు.

“ఈ మడతపెట్టే స్టాండు బానే ఉందిగా?”

“తేలిక బాబాయ్. గట్టిగా తిప్పితే ఊగుద్ది. ఊగిందంటే ఉత్తుత్తిదని తెలిసిపోద్ది. వెంటనే లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. అందుకే సీటూ, స్టీరింగూ, పెడల్సూ అన్నీ ఒకే ఇనప చట్రానికి బిగించి, ఆ చట్రాన్ని నేలకి బిగించాలి.”

“వీడియో గేముకి ఇంత హంగామా ఏంటయ్యా? కుర్రాడి వీపు మీద రెండు తగిలిస్తే సరి!”

వాజిద్ ముఖం ముడుచుకుపోయింది. రేపల్లెలో ఇంటర్నెట్ సెంటరు నడుపుకునే నెమ్మదస్తుడు. గొంతు తగ్గించాడు.

“బండి నడపాలని పిచ్చి బాబాయ్. తెల్లారకుండానే లేచి తయారైపోతాడు. పోయిన నెల్లో తాళంచెవి వదిలేసిన వ్యానొకటి కనిపిస్తే ఎక్కి, బాపట్ల వైపు తోలుకుపోయాడు. దారిలో ప్రతి ఊళ్ళోనూ ఆపి ఎవరెవరినో ఎక్కించుకున్నాడంట.”

“సావాసగాళ్ళన్నమాట.”

వాజిద్ ఏదో చెప్పబోయి మింగేశాడు. “చివరికి కాలవ గట్టు మీద ఆగింది. ఇంకో మూర జరిగితే ఎనిమిది ప్రాణాలు నీళ్ళలో కలిసిపోయేవి.”

“వ్యాను వాడు ఊరుకున్నాడా?”

“వయసు చూసి వదిలేశాడు.”

“వయసు చూసి వదిలేస్తూనే అందరూ చెడగొడుతున్నారు. గదిలో పెట్టి తాళం వెయ్యకపోయారా?”

“వేశాం. చేతులు వాచిపోయేదాకా తలుపు బాదాడు. అమ్మ చూడలేక తనే తీసేసింది.”

పున్నయ్య చేతిలోని సుద్దముక్క ఆగిపోయింది. తమ్ముడు గుర్తొచ్చాడు. పద్దెనిమిదేళ్ళవాడు, చెప్పాపెట్టకుండా ఇంటి ట్రాక్టరు తీసి కొలకలూరు వైపు వెళ్ళి, మళ్ళీ ఇంటికి రాలేదు. ఆరోజు తాళంచెవి దాచిపెట్టమని తండ్రి చెప్పింది పున్నయ్యకే. అతను మరిచిపోయాడు. ఆ మాట ఇన్నేళ్ళలో ఎవరితోనూ అనలేదు, ఇప్పుడూ అనలేదు.

“చేద్దాంలే,” అన్నాడు. “మందం పైపు వేస్తాను. ఏనుగెక్కినా ఊగదు. బరువెంతుంటాడు?”

“డెబ్బై ఐదు కిలోలు.”

“తిండికేం లోటు చెయ్యట్లేదన్నమాట!”

వాజిద్ జేబులోంచి చీటీ తీసి కొలతలు చదివాడు. సీటు బాగా ఎత్తుగా ఉండాలి. స్టీరింగు కారులో మాదిరి నిలబడి ఉండకూడదు, వడ్డించిన విస్తరాకులా వెల్లకిలా ఉండాలి. కుడిపక్కన ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి కడ్డీ. సీటు వెనక నిలువుగా ఒక రేకు.

“రేకెందుకు?”

“అమ్మ అడిగింది బాబాయ్. ఏది ఉన్నా లేకపోయినా అది ఉండాలంది.”

గారాబం ముదిరితే ఇలాగే ఉంటుందనుకున్నాడు పున్నయ్య. అనుకున్నాడే గాని పనిలో ఏ లోపమూ రానివ్వలేదు. అతుకు అతుకునూ పట్టుకుని ఊపి చూశాడు. స్టీరింగు కింద ఒకచోట కిర్రుమంటే, అన్నం తినేవాడల్లా లేచి వచ్చి మళ్ళీ వెల్డింగు చేశాడు.

నాలుగో రోజు చట్రాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని రేపల్లె వెళ్ళాడు. వాజిద్ తల్లి నాగూర్‌బీ ఎదురొచ్చి మంచినీళ్ళిచ్చింది. నిద్రలేని కళ్ళు, నలిగిన చీర. వచ్చీ రాగానే సీటు వెనక రేకుని అరచేత్తో తడిమి చూసుకుంది.

“వాజిద్ సెంటరుకి పోతే నేనొక్కదాన్నే ఆపాలి అన్నయ్యా. నా బలం చాలట్లేదు. ఇది కూడా పనిచెయ్యకపోతే గొలుసేసి కట్టెయ్యమంటున్నారు అందరూ. మనిషికి గొలుసెట్లా వేస్తాం?” అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అంతదాకా రాదమ్మా,” అన్నాడు పున్నయ్య. ఈవేళ ఆ కుర్రాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని తన తమ్ముడి సంగతి చెప్పాలని, నలభై ఏళ్ళలో మొదటిసారి నోరు విప్పాలని నిర్ణయించుకున్నాడు.

నేలకి రంధ్రాలు చేసి బోల్టులు దింపాడు. వాజిద్ ఎదురుగా పెద్ద మానిటర్ పెట్టి ఆట పెట్టాడు. పందెం కార్లు ఒక్కటీ లేవు, రెండు పక్కలా చెట్లున్న ఖాళీ రోడ్డు మాత్రం ఉంది. అతను లోపలి గది తలుపు దగ్గరకు వెళ్ళి, “బండి రెడీ,” అని పిలిచాడు.

పున్నయ్య ఇంకా చట్రం కింద పడుకుని ఆఖరి నట్టు బిగిస్తున్నాడు. పాలిష్ పెట్టిన నల్ల బూట్లు రెండు వచ్చి కుడిపక్క ఆగాయి. ఎవరో కడ్డీ పట్టుకున్నారు, సీటు మీద బరువు పడింది. చట్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు. బూట్లు వెతుక్కోకుండానే క్లచ్చూ బ్రేకూ అందుకున్నాయి. ఇంజను చప్పుడు మొదలైంది.

“ఒరే అబ్బాయ్” అని పిలవడానికి పున్నయ్య గొంతు సవరించుకున్నాడు.

ఇంతలో సీటు వెనక రేకు మీద ఠంగు ఠంగున రెండు దెబ్బలు పడ్డాయి.

ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన భర్తతో నాగూర్‌బీ, “రైట్ రైట్,” అంది.