రెండో కొన

"లైబ్రరీ పుస్తకంలో ఈ గీతలేమిటండీ?"

పెన్సిల్ తాత ఉలిక్కిపడ్డాడు. తలెత్తితే ఎదురుగా లైబ్రేరియన్.

రోజూ మూల బల్ల దగ్గర పెన్సిల్ పట్టుకుని కూర్చుని, ఒకే పుస్తకం తిప్పే ముసలాయనకి లైబ్రరీలో అందరూ పెట్టిన పేరది. ఇంగ్లీషు మాటలు ఏ లాటిన్‌లో, ఏ గ్రీకులో పుట్టాయో చెప్పే లావుపాటి నిఘంటువు ఆ పుస్తకం.

"రాయడమంటే మొదట్లో గీకడమేనమ్మా. లాటిన్ స్క్రీబెరె అన్నా, గ్రీకు గ్రాఫైన్ అన్నా అదే."

"అయితే మీ ఇంటి గోడలు గీక్కోండి."

పక్క బల్లవాళ్ళు నవ్వారు.

"తప్పులు దిద్దుతున్నానమ్మా. స్టైల్ అన్న మాట గ్రీకు స్తంభం నుంచి వచ్చిందని ఇందులో ఉంది. కాదు. లాటిన్‌వాళ్ళు మైనం పలక మీద రాసే పుల్ల, స్టిలస్. దాన్నుంచి వచ్చింది."

"రాసినాయనకి తెలియనిది మీకు తెలిసిందా?"

"రాసేనాటికి తెలియలేదమ్మా. ఆ పుల్లకి రెండు కొనలు. మొనతో రాసేవారు, చదును కొనతో చెరిపేవారు."

"ఆ రెండో కొన పని నేను చూసుకుంటాను. రేపట్నుంచి మీరు రావద్దు."

"ఇంకో నలభై పేజీలేనమ్మా. అవి కానిచ్చి వెళ్ళిపోతాను."

"ఒక్క పేజీ కూడా వీల్లేదు."

తాత గోరంత పెన్సిల్ని జేబులో వేసుకున్నాడు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

లైబ్రేరియన్ పనికి వంక పెట్టలేం. పదకొండు రోజులు ఒక్కో పేజీ రబ్బరుతో తుడిచింది. పెన్సిల్ నొక్కులు కూడా తెలియకుండా గాజు సీసా అడుగుతో రుద్ది నున్నగా చేసింది.

ఆ తర్వాత ఒకావిడ వచ్చింది.

"ఆ మూల కూర్చునే పెద్దాయన మా నాన్నగారు. ఆయన దిద్దిన పుస్తకం ఒకసారి ఇస్తారా?"

"ఆయనా. ఎలా ఉన్నారు?"

"పోయారండీ, మొన్న గురువారం. చివరిదాకా ఆ పుస్తకం ధ్యాసే. ఇన్నేళ్ళకి పబ్లిషర్లు దాన్ని మళ్ళీ అచ్చు వేస్తామన్నారు. ఆ దిద్దుబాట్లు ఎత్తి రాసి పంపాలి."

లైబ్రేరియన్ పుస్తకం తెచ్చి ఇచ్చింది.

ఆవిడ పేజీలు తిప్పింది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూసింది. వేలితో తడిమింది.

"ఏమీ లేవేమిటండీ?"

"తుడిచేశానమ్మా. అన్నీ."

ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది.

కాసేపటికి లైబ్రేరియనే మెల్లగా అడిగింది. "మీ నాన్నగారు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారా అమ్మా?"

ఆవిడ పుస్తకం మొదటి పేజీకి తిప్పి, ఆ నిఘంటువు రాసినాయన పేరు కింద వేలు పెట్టి, అలాగే ఉంచేసింది.