జైలువాళ్లు తీసిన ఫోటో

రాండల్ ప్రాటర్ మీద ఉన్న కేసులన్నీ చూడాలని వెర్నా టాకెట్ అడిగింది. కోర్టు రికార్డుల కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా జువానిటా కళ్లజోడు పైకి తోసుకుంది.

"అన్నీనా?"

"అన్నీ. అరెస్టులతో సహా."

వెర్నా కొండ అవతలి కౌంటీ నుంచి వచ్చింది. ఇక్కడ ఆమె ముఖం ఎరిగినవాళ్లు లేరు. ఎవరి కేసులైనా ఎవరైనా చూడవచ్చు, ఎందుకని అడగకూడదు. ఆ సంగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. జువానిటా ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటుంది.

"చట్టం అడగొద్దంటుంది. నేనే అడుగుతున్నా. అమ్మాయి కోసమా?"

వెర్నా కిటికీకి ఇంకాస్త దగ్గరికి జరిగింది. కూతురు ఎవడి ట్రక్కులో తిరుగుతోందో తెలిసిన మర్నాడే తల్లులు ఈ కిటికీ దగ్గర తేలతారని, వాళ్ల నడకను బట్టే తాను పోల్చుకుంటానని జువానిటా చెప్పుకుపోయింది. చెబుతూనే కంప్యూటర్ తెరను వెర్నా వైపు తిప్పింది.

చర్చి వెనక రాగితీగలు కోసుకుపోయిన కేసు. మత్తుమాత్రల కేసు. వాయిదాకు రానందుకు ఇంకో కేసు. మళ్లీ మాత్రలు. వెర్నా ఏదీ చదవలేదు. వేలితో తెరను కిందికి జరుపుతూ చివరిదాకా వెళ్లింది.

"ఫోటోలు ఏవి?"

"ఇక్కడుండవమ్మా. మా దగ్గర కాగితాలే. ముఖాలు జైలువాళ్ల దగ్గరుంటాయి. రోడ్డు దాటి వెళ్లండి." అరెస్టు తేదీలు చిన్న చీటీ మీద రాస్తూ జువానిటా తలెత్తింది. "ఫోటో దేనికి?"

"పేపరుకివ్వాలి. మధ్యాహ్నానికి అచ్చుకు పోతుందట. ఈ వారం తప్పితే ఇక వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే."

జువానిటా పెన్ను ఆగింది. మోసపోయినవాళ్లు మోసం చేసినవాడి ఫోటోను వారపత్రికలో వేయించి పరువు తీయడం ఆ కౌంటీలో కొత్త కాదు. నిరుడు ఒకామె పారిపోయిన మొగుడి ఫోటోను పందుల అమ్మకం ప్రకటనల పక్కన వేయించింది.

"వాడు మీకేం చేశాడో నాకు తెలీదు," అంది జువానిటా గొంతు తగ్గించి. "కానీ వాడికీ ఎక్కడో ఓ తల్లి ఉంటుంది కదా. రేపు ఆ పేపరు చూసి ఆవిడ ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? కాస్త ఆలోచించండి."

"ఆవిడ సంగతి నాకొదిలెయ్యండి."

ఆ గొంతు విని జువానిటా మిగిలిన తేదీలు గబగబా రాసేసింది. చీటీని కిటికీలోంచి ఇవతలికి తోసేసింది.

జైలు కిటికీ దగ్గర హెర్షెల్ అనే ముసలాయన ఉన్నాడు. బుగ్గలో పొగాకు, చేతిలో ఉమ్మడానికి కాగితపు కప్పు. పేరు వినగానే నవ్వాడు.

"రాండలా? మా వదిన ట్రాక్టరు బ్యాటరీ ఎత్తుకుపోయి, వారం తిరక్కుండా దాన్ని మా అన్నకే అమ్మిన ఘనుడు. మీ ఇంట్లో ఏం పట్టుకుపోయాడేంటి?"

"ఉన్నదంతా," అంది వెర్నా.

హెర్షెల్ సానుభూతిగా తలాడించాడు. అయినా ఈ రోజుల్లో ఫోను లేనివాడు లేడు, వాడి ఫోటో ఎవరి దగ్గరా దొరకలేదా అని అడిగాడు. చిన్నప్పటివి తప్ప లేవని, పళ్లు పాడయ్యాక ఎవరు ఫోను ఎత్తినా చెయ్యి అడ్డం పెట్టుకునేవాడని వెర్నా చెప్పింది.

"మా దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకోనివ్వం," అన్నాడు హెర్షెల్. "ఈ కౌంటీలో వాడిని నిలబెట్టి ఫోటో తీసినవాళ్లం మేమే."

ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. ఒకదాని కంటే ఒకదానిలో బుగ్గలు లోపలికి పోయాయి. ఒకదానిలో కన్ను వాచి ఉంది. చివరిదానిలో రాండల్ కెమెరా వైపు కాకుండా, దాని వెనక ఇంకెవరో ఉన్నట్టు చూస్తున్నాడు. అక్కడ వెర్నా కిటికీ అంచు పట్టుకుంది.

"ఇది తీసుకోండి," అన్నాడు హెర్షెల్. "కొత్తది. చూసినవాడు చచ్చినా తలుపు తీయడు."

"మొదటిది ఇవ్వండి."

మొదటిదానిలో రాండల్ జుట్టు తడిపి దువ్వుకున్నాడు. జైల్లో ఫోటో తీస్తారంటే దువ్వుకున్నాడో, అంతకుముందే ఎక్కడికో బయల్దేరాడో తెలియదు. పెదవి ఒక పక్కకు కొద్దిగా లేచి ఉంది. పళ్లు కనబడటం లేదు.

"ఇందులో మంచివాడిలా ఉన్నాడు కదమ్మా. మీరు చెప్పేది ఎవరు నమ్ముతారు?" అన్నాడు హెర్షెల్. అంతలోనే ఏదో తట్టినట్టు కప్పు పక్కన పెట్టాడు. "ఓహో, అర్థమైంది. ఆడపిల్లలు పడేది ఈ ముఖానికే. మీ అమ్మాయి పడింది కూడా దీనికేనా?"

"మెడ దాకా చాలు," అంది వెర్నా. "కింద ఖైదీ నంబరు పలక కనబడకుండా కత్తిరించగలరా?"

కత్తిరించడం తన పని కాదని, ఉన్నది ఉన్నట్టే ఇవ్వాలని హెర్షెల్ చెప్పాడు. వెర్నా ఫోటో తీసుకుని చీటీని అక్కడే వదిలేసి నడిచింది.

పత్రిక ఆఫీసులో తలుపు దగ్గరి అమ్మాయి అప్పటికే కాగితాలు సర్దుతోంది. వెర్నా ఫోటోను బల్ల మీద పెట్టి, పలక ఉన్నచోట అరచేయి ఆనించింది. ఆ వేళ్ల సందుల్లోంచి కనబడిన అంకెలతోనే అది జైలు ఫోటో అని అమ్మాయికి తెలిసిపోయింది. అరెస్టుల పేజీ నిండిపోయిందని, కావాలంటే వచ్చే వారం వేస్తామని చెప్పింది.

"ఆ పేజీ కాదమ్మా, చనిపోయినవాళ్ల పేజీలో," అంది వెర్నా, "కింద తల్లి పేరు వెర్నా టాకెట్ అని రాసుకో."