మూసిన రెప్పలు

కోంటాలో తమ కిరాణా దుకాణం వెనక గదిలో సుగుణ అట్టపెట్టెలు చించి, మైదా జిగురుతో అతికిస్తూ భర్త శ్రీధర్ బొమ్మ చేస్తోంది. పక్కన కూర్చుని అత్త చూస్తోంది.

"ఎడమ భుజం కొంచెం దించు బిడ్డా. బస్తాలు మోసి మోసి వానికి అట్లనే అయింది."

సుగుణ భుజం దించింది. అత్త కొడుకు చొక్కా తెచ్చి ఆనించి చూసింది. సరిపోయింది.

"అచ్చం వాడే. మరి కండ్లు మూసినవేంది? తెరిచి చెయ్యరాదు?"

సుగుణ చేతులు ఆగాయి.

"శబరి ఏటి వరదల కొట్టుకపోయిన ఆయన దొరకనే లేదు. రేపు ఒడ్డున ఈ బొమ్మకే గద నిప్పు పెట్టాలె. కండ్లు తెరిచి మనల్నే చూస్తుంటే ఎట్ల పెడతం అత్తా?"

అత్త ఆ రెప్పలను వేలితో మెల్లగా నిమిరింది. కాగితం ఇంకా తడిగానే ఉంది.